ఇంట్లో చూసిన సినిమా: మీరడిగినవి, మేం చెప్పేవి

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల ఉత్తరాలు ఒకచోట పెట్టాం. అన్నీ ఈమధ్య ఇంట్లో చూసిన సినిమాల మీదే. కొన్నింటిలో ఫిర్యాదు సినిమా మీద. కొన్నింటిలో మాత్రం, రెండోసారి చదివితే, ఫిర్యాదు నిజానికి టీవీ మీద. ఆ రెంటినీ విడదీయకుండా మార్కులు వేస్తే సినిమా తీసినవాళ్లకు అన్యాయం జరుగుతుంది. అందుకే జవాబుల్లో సగం చోటు రిమోటుకే పోయింది.

ప్రశ్న: మొన్న చూసిన సినిమాలో హీరో గుసగుసలు ఒక్క ముక్క అర్థం కాలేదు. సౌండు పెంచితే ఫైటు రాగానే పక్కింటోళ్లు లేస్తాండారు. రిమోటు చేతిలో పట్టుకునే కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పటోళ్లకు సౌండు చేయడం రాదా? మాకైతే సినిమా నచ్చలేదు. (ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు)

జవాబు: సినిమాను పక్కన పెట్టి ముందు గది సంగతి చూద్దాం. థియేటరు కోసం చేసే 5.1 శబ్దంలో ఆరు దారులుంటాయి. ముందు ఎడమ, కుడి, మధ్య, వెనక రెండు, దడదడలాడే కింది స్థాయి శబ్దానికి ఇంకొకటి. మాటలు దాదాపు అన్నీ మధ్య దారిలోనే నడుస్తాయి. మీ టీవీకున్నవి రెండే చిన్న స్పీకర్లు, అవి కూడా మీ వైపు కాకుండా నేల వైపో గోడ వైపో తిరిగి ఉంటాయి. ఆరు దారుల్ని ఆ రెంటిలోకి కుదించేసరికి మాట వెళ్లి నేపథ్య సంగీతం కింద పడుతుంది.

ముందు సినిమా నడుస్తుండగానే ఆడియో మెనూ తెరవండి. 'తెలుగు 5.1' అనీ, ఉత్త 'తెలుగు' అనీ రెండూ కనిపిస్తే ఉత్త తెలుగు ఎంచుకోండి. అది రెండు స్పీకర్లకు సరిపోయేలా సిద్ధం చేసిన శబ్దం. తర్వాత టీవీ సౌండ్ మెనూలోకి వెళ్లి 'క్లియర్ వాయిస్' లేదా 'స్పీచ్' లాంటిది పెట్టండి. పేరు కంపెనీని బట్టి మారుతుంది. 'నైట్ మోడ్' గానీ 'ఆటో వాల్యూమ్' గానీ ఉంటే ఆన్ చేయండి. గుసగుసకూ ఫైటుకూ మధ్య ఉన్న ఎత్తుపల్లాలను తగ్గించేది అదే. అప్పటికీ మాట మసకగా ఉంటే బాస్ (దడదడలాడే కింది స్థాయి శబ్దం) రెండు మూడు మెట్లు దించి, ట్రెబుల్ (సన్నటి పై స్థాయి శబ్దం) ఒక మెట్టు పెంచండి. చాలామంది దీనికి తిరగేసి బాస్ పెంచుతారు, మాట ఇంకా మునిగిపోతుంది.

సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరు) కొనే ఆలోచన ఉంటే పెట్టె మీద అంకె చూడండి. 2.1 అంటే మధ్య స్పీకరు లేనట్టు. మాటల కోసమే కొంటున్నప్పుడు 3.1 తీసుకోవాలి. వైరును టీవీ వెనక 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలోనే పెట్టాలి, పక్కదాంట్లో పెడితే శబ్దం రాదు. ఇంట్లో పాత 5.1 సెట్టు ఉండి, పాటలు గట్టిగా వస్తూ మాటలు మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంటే మధ్య స్పీకరు వైరు ఊడిందేమో చూడండి. ఎలుక కొరికినా, ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఊడినా లక్షణం ఇదే.

మన ఇళ్లలో ఇంకొకటుంది. కింద కడప బండలు, చుట్టూ సున్నం గోడలు, పైన కాంక్రీటు. మాట ఒక్కసారి బయల్దేరితే నాలుగు గోడలకూ తగిలి తిరిగొస్తుంది. టీవీకీ మీకూ మధ్య నేలమీద ఒక జంపఖానా పరవండి, ఎదురు గోడకో కిటికీకో మందపాటి పరదా వేయండి. ఖర్చు లేకుండా వచ్చే తేడా ఇదే, చాలా పెద్ద తేడా కూడా.

ఇదంతా చేశాక అదే గుసగుసల సీను ఫోన్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి వినండి. అక్కడ ప్రతి మాటా తేటగా ఉంటే లోపం గదిది. అక్కడ కూడా మాట నలిగిపోతే లోపం సినిమాదే, అప్పుడు నిస్సంకోచంగా రాయండి, వేస్తాం.

ప్రశ్న: కొత్త టీవీ కొన్నాం. పెద్ద సినిమా పెడితే సీరియల్ లాగా కనిపిస్తాంది. కోట్లు పెట్టి తీసినా చౌకగా ఎందుకుంటాంది? (గుంతకల్లు)

జవాబు: సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీస్తారు. టీవీ సెకనుకు 50, 60 సార్లు తెరను నింపుతుంది. మధ్యలో లేని బొమ్మల్ని టీవీ తానే ఊహించి గీసి దూర్చడం వల్ల కదలిక నూనె రాసినట్టు జారిపోతుంది. అది సీరియల్, న్యూస్ చూసిన కంటికి తెలిసిన నునుపు కాబట్టి 'చౌక' అనిపిస్తుంది. శాంసంగ్‌లో దీన్ని ఆటో మోషన్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. పిక్చర్ మెనూ లోపల 'అడ్వాన్స్‌డ్' లేదా 'క్లారిటీ' కింద ఉంటుంది. ఆఫ్ చేయండి. 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ఉన్న టీవీ అయితే అది పెడితే చాలు.

గుర్తు పట్టడం తేలిక. హీరోయిన్ చెయ్యి ఊపినప్పుడు గాజుల చుట్టూ నీళ్లు కదిలినట్టు అంచు చెదిరితే ఆ సెట్టింగు ఇంకా ఆన్‌లోనే ఉన్నట్టు. చాలా టీవీల్లో సెట్‌టాప్ బాక్సుకు మార్చింది యాప్‌లకు వర్తించదు, కాబట్టి యాప్‌లో సినిమా నడుస్తుండగానే మార్చండి. కెమెరా అడ్డంగా తిరిగేటప్పుడు కాస్త వణుకు కనిపిస్తుంది. 24 బొమ్మల సినిమాకు అది సహజం. క్రికెట్‌కు మాత్రం కావాలంటే తిరిగి ఆన్ చేసుకోవచ్చు.

ప్రశ్న: సెలవుల్లో పిల్లలకు 'మాయాబజార్' రంగుల ప్రతి చూపించినాం. బాగా నవ్వినారు. తర్వాత నలుపు తెలుపుది పెడితే 'ఇది పాడైపోయిందా?' అని అడిగినారు, పైగా మొహాలన్నీ లావుగా కనిపించినాయి. ఏది చూపించడం మంచిది? (తాడిపత్రి)

జవాబు: తాడిపత్రి నుంచి ఈ ప్రశ్న రావడం మాకు సంతోషం. ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డి పుట్టింది మీ ఊళ్లోనే. 1957లో వచ్చిన సినిమాకు రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేశారు.

మొహాలు లావు కావడం టీవీ చేసిన తప్పు. ఆ కాలపు ఫ్రేము దాదాపు చదరంగా ఉండేది. వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లే. మీ టీవీ తెర 1.78 రెట్లు. 43 అంగుళాల టీవీ ఎత్తు 53 సెంటీమీటర్ల పైచిలుకు, వెడల్పు 95. పాత ఫ్రేము సరిగ్గా పడితే మధ్యలో 73 సెంటీమీటర్లు బొమ్మ, అటూ ఇటూ 11 చొప్పున నలుపు ఉండాలి. ఆ నల్లపట్టీలు చూసి 'తెర వృథా అవుతోంది' అని ఎవరో ఒకరు రిమోటు నొక్కి సాగదీస్తారు. పిక్చర్ సైజ్‌లో '4:3' పెట్టండి. పెట్టాక మొహాలు సన్నబడిపోతే ఆ ప్రతిలోనే పట్టీలు ఉన్నట్టు, అప్పుడు '16:9' సరి. పరీక్షకు ఏదైనా గుండ్రటి వస్తువు, చందమామో రథ చక్రమో, కోడిగుడ్డులా ఉందా చూడండి. 'జూమ్' మాత్రం వద్దు. తలపైన కిరీటాలు, కింద పాదాలు తెగిపోతాయి. నలుపు తెలుపు బొమ్మ నీలంగా కనిపిస్తే కలర్ టోన్ 'కూల్' లోంచి 'వార్మ్'కు మార్చండి.

ఏది చూపించాలన్న ప్రశ్నకు మా అభిప్రాయం ఇది. పదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి రంగులది ఫరవాలేదు. ఘటోత్కచుడి భోజనం దగ్గర లడ్డూలు ఎగిరి నోట్లో పడుతుంటే వాళ్లకు రంగు గొడవే ఉండదు. కానీ వెన్నెల్లో పడవ పాట మటుకు నలుపు తెలుపులోనే చూపించండి, రాత్రిపూట, గదిలో దీపం తీసేసి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ ఆ వెన్నెలను దీపాలతో పుట్టించాడు. నీటి మీద మెరుపు, మొహం మీద మెత్తటి తెలుపు, వెనక చిక్కబడే నలుపు, ఈ మెట్లన్నీ బూడిద రంగులో లెక్కపెట్టి వేసుకున్నవి. పైన రంగు పూస్తే ఆ మెట్లు కలిసిపోయి వెన్నెల పలచబడుతుంది. ఒకే పాట రెండు ప్రతుల్లోనూ వెంటవెంటనే చూపిస్తే పిల్లలే తేడా చెబుతారు.

ఇంకోటి అడగండి వాళ్లను: 'ఈ సినిమాలో పాండవులు ఎక్కడ కనిపించారు?' అని. అంత భారత కథలో పాండవులు తెర మీదకు రానే రారు. పెద్దవాళ్లలోనూ చాలామంది అది గమనించరు. అంత పట్టుగా కథ నడిపిన దర్శకుడి పనితనం అక్కడుంది.

పిల్లలకు ఈ అలవాటు కుదిరితే తర్వాత 'మల్లీశ్వరి' (1951) పెట్టండి. దర్శకుడు బి.ఎన్.రెడ్డి పులివెందుల ప్రాంతంవాడు. నిదానంగా నడిచే సినిమా, ఒక్క రాత్రి అంతా కేటాయించుకోవాలి.

ప్రశ్న: 'సినిమా బండి' ఇంట్లో చూసినాం. మా అమ్మ 'టీవీలో మన మాట విన్నట్టుంది' అనింది. పెద్ద సినిమాల్లో సీమ అంటే సుమోలు, కత్తులే. యాస సరిగ్గా ఉందా లేదా అని ఎట్ల చెప్పాల? (కడప)

జవాబు: మీ అమ్మగారి మాట మాకు ఈ నెల వచ్చిన అన్ని అభిప్రాయాల్లోకీ విలువైనది. 2021లో వచ్చిన ఆ చిన్న సినిమా కథ ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు పల్లెది. ఆటోలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఆటో నడిపే అతను సినిమా తీద్దామనుకుంటాడు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు కెమెరామన్, క్షౌరం చేసే అతను హీరో, కూరగాయలమ్మే అమ్మాయి హీరోయిన్. నవ్వు వాళ్ల తెలియనితనం మీంచి పుట్టదు, వాళ్ల పట్టుదల మీంచి పుడుతుంది. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల వాళ్లను ఒక్కచోట కూడా చిన్నచూపు చూడలేదని మా అభిప్రాయం. అయితే అది సరిహద్దు మాట, కడప మాట కాదు. మీ అమ్మగారు దగ్గరితనం విన్నారు, అది నిజమైనదే, కానీ రెండూ ఒకటే అని రాయకండి.

యాస చూడటానికి ముందు క్రియలు వినండి. 'పోతాండాడు', 'వస్తాండారు', 'చేసినాడు' అని మొదలైన పాత్ర రెండు నిమిషాల తర్వాత 'వెళ్తున్నాడు', 'చేశాడు'లోకి జారిందంటే యాస డైలాగు షీటు మీద ఉంది, నాలుక మీద లేదు. 'యాడ', 'శానా', 'ఒగ' లాంటి మాటలు అక్కడక్కడ చల్లడం ఎవరైనా చేస్తారు. క్రియ చివర నిలబెట్టుకోవడమే కష్టం. జారేది ఎక్కడో కూడా ముందే తెలుసు. ఏడుపు సీనులోనూ, పొడుగాటి కోపం డైలాగులోనూ. ఆ రెండు సీన్లు వెనక్కి తిప్పి వినండి, ఇంట్లో చూసేవాళ్లకున్న సౌకర్యం అదే.

తర్వాత యాస ఎవరికిచ్చారో చూడండి. విలనుకూ, కామెడీ పనివాడికీ ఇచ్చి, హీరో హీరోయిన్లకు పుస్తకాల తెలుగు పెడితే అది యాసను గౌరవించడం కాదు. 1999లో 'సమరసింహారెడ్డి' పెద్ద విజయం సాధించాక ఫ్యాక్షన్ కథలు వరసకట్టాయి. ఆ వరసలో సీమ మాట అరుపుగానే వినిపించింది. బేరమాడే మాట, పిల్లల్ని బుజ్జగించే మాట, వాన రాలేదని దిగులుపడే మాట ఎంత అరుదుగా విన్నాం! ఆదోని వైపు మాటలో కన్నడం, ఉర్దూ కలుస్తాయి. రాయదుర్గం వైపు కన్నడం ఇంకా చిక్కబడుతుంది. మూడు జిల్లాలకూ కలిపి ఒకే 'సీమ యాస' మాట్లాడించిన సినిమా కనిపిస్తే ఆ సంగతి పేరు పెట్టి రాయండి. మీ నాలుకకు తెలిసిన విషయం ఇది, ఏ విమర్శకుడికన్నా మీకే ఎక్కువ అధికారం ఉంది.

ప్రశ్న: రాత్రి సీన్లన్నీ మసి. బ్రైట్‌నెస్ పెంచితే తెల్లగా పాలిపోతాంది. ఒక్కోసారి చీకట్లో గళ్లు గళ్లుగా కనిపిస్తాంది. (అనంతపురం)

జవాబు: రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది సెట్టింగుది. టీవీలో వెలుగునిచ్చేది 'బ్యాక్‌లైట్'. 'బ్రైట్‌నెస్' చాలా టీవీల్లో నలుపు ఎంత నల్లగా ఉండాలో నిర్ణయిస్తుంది. అది పెంచితే నలుపు బూడిద అవుతుంది, మీకు జరిగింది అదే. పిక్చర్ మోడ్ 'వివిడ్' తీసి 'మూవీ' లేదా 'సినిమా' పెట్టండి. 'ఎకో', 'పవర్ సేవింగ్', లైట్ సెన్సర్ ఆపండి. బ్యాక్‌లైట్ పెంచండి. ఇప్పుడు పైనా కిందా నల్లపట్టీలు వచ్చే వెడల్పు సినిమా ఒకటి పెట్టి, గదిలో దీపాలార్పి, బ్రైట్‌నెస్ ఒక్కో మెట్టు పెంచుతూ పోండి. పట్టీలు బూడిదగా మారడం మొదలైన చోట ఆగి ఒక మెట్టు వెనక్కి రండి. మీ టీవీకి సరైన అంకె అదే, రాసిపెట్టుకోండి. కొన్ని కొత్త టీవీల్లో 'బ్రైట్‌నెస్' అన్నదే వెలుగు, నలుపుకు 'బ్లాక్ లెవెల్' లేదా 'షాడో డీటెయిల్' అని విడిగా ఉంటుంది. అలాంటి వాటిలో ఈ పరీక్ష దాంతో చేయండి. చూసేటప్పుడు టీవీ వెనక గోడకు ఒక జీరో బల్బు వెలిగిస్తే కళ్లు అలవవు, నలుపు కూడా చిక్కగా కనిపిస్తుంది. పడమటి కిటికీ ఉన్న గదిలో మధ్యాహ్నం చీకటి సినిమా పెట్టడం మాత్రం దండగ.

రెండోది, గళ్లు. అది నెట్ వేగానిది. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 1080పికి (ఫుల్ హెచ్‌డీ బొమ్మకు) 5 ఎంబీపీఎస్, ఇంకా వివరంగా ఉండే 4కెకు 15 ఉండాలి. వేగం పడిపోయినప్పుడు యాప్ ముందుగా త్యాగం చేసేది చీకటి భాగాల్లోని వివరాలనే. రూటరు పక్క గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై గోడ దాటి బలహీనపడుతుంది. వీలైతే టీవీకి నేరుగా ల్యాన్ వైరు వేయండి. వేగం బాగానే ఉండి కూడా పాత ఆండ్రాయిడ్ పెట్టెలో బొమ్మ మసగ్గా ఉంటే, ఆ పెట్టెకు వైడ్‌వైన్ ఎల్1 (సినిమా కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు) అనుమతి లేకపోయి ఉండొచ్చు. అలాంటి వాటిలో కొన్ని యాప్‌లు 480పి దాటనివ్వవు. ఎన్ని సెట్టింగులు మార్చినా ప్రయోజనం ఉండదు, పెట్టె మార్చాల్సిందే.

ప్రశ్న: మలయాళం సినిమాలు తెలుగు డబ్బింగులో చూస్తాండాం. కథ బాగుంటాంది, నటన మాత్రం కృతకంగా ఉంటాంది. (జమ్మలమడుగు)

జవాబు: నటనలో సగం గొంతు. ఆ సగం వేరేవాళ్లది అయినప్పుడు నటుడికి మార్కులు తగ్గించకూడదు. డబ్బింగు రాసేవాళ్ల కష్టం చూడండి. ప, బ, మ పలికినప్పుడు పెదాలు మూసుకుంటాయి. తెర మీద పెదాలు మూసుకున్న చోటల్లా తెలుగులోనూ అలాంటి అక్షరమే పడాలి. అందుకని మనం ఎప్పుడూ అనని మాటలు దొర్లుతాయి, కృతకత్వం చాలావరకు అక్కడి నుంచే. మొదటి పది నిమిషాలు మూలభాషలో, సబ్‌టైటిళ్లతో చూడండి. నచ్చితే అలాగే కొనసాగండి. ఇంట్లో చదవలేని పెద్దవాళ్లుంటే డబ్బింగే పెట్టండి, ఉత్తరంలో మాత్రం 'డబ్బింగులో చూశాం' అని రాయండి.

ప్రశ్న: యూఏ 13+ అంటే ఏమి? (బద్వేలు)

జవాబు: పదమూడేళ్లలోపు పిల్లలు చూడాలా వద్దా అన్నది తల్లిదండ్రులు నిర్ణయించాలని. 2024 నుంచి సెన్సార్ బోర్డు యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడదీసింది. ఓటీటీలో కనిపించే వయసు గుర్తు 2021 నిబంధనల ప్రకారం ఆ ఓటీటీ సంస్థ తానే వేసుకునేది. అందుకే పిల్లలకు విడి ప్రొఫైల్ తెరిచి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి.

ప్రశ్న: పనులైపోయినాక మూడు రాత్రులు ముక్కలుగా చూసినాం, మధ్యలో కరెంటు పోయింది. సినిమా చప్పగా అనిపించింది. (ఆదోని)

జవాబు: థియేటరు కోసం తీసిన తెలుగు సినిమాకు ఇంటర్వెల్ ఒక మడత. దాని ముందు పదిహేను నిమిషాలు బిగువు ఎక్కించి అక్కడ వదులుతారు. మీరు ఆ బిగువు మధ్యలో ఆపితే మర్నాడు చల్లారిన అన్నం తిన్నట్టే. రెండు రాత్రులు చాలు, ఆపేది ఇంటర్వెల్ కార్డు దగ్గరే. రెండో రాత్రి ఐదు నిమిషాలు వెనక్కి జరిపి మొదలుపెట్టండి. నేరుగా ఓటీటీకి తీసినవాటిలో ఆ మడత ఉండకపోవచ్చు, వాటిని ఒకే కూర్చుడులో చూడాలి. కరెంటుకు: ఇన్వర్టరు మీద టీవీ నడుస్తున్నా రూటరు ఆగితే నెట్ పోతుంది. రూటరు అడాప్టరు మీద 12 వోల్టులా 9 వోల్టులా చూసి దానికి సరిపడే చిన్న యూపీఎస్ తెచ్చుకోండి. వోల్టులు తప్పితే రూటరు కాలిపోతుంది.

ప్రశ్న: 'సెకండాఫ్ ల్యాగ్' అని రాస్తే మా అభిప్రాయం వేయలేదు. ఎట్ల రాయాల? (ఎమ్మిగనూరు)

జవాబు: ఎక్కడ సాగిందో చెప్పలేదు, అందుకే వేయలేదు. ఇంట్లో చూసినవాళ్ల దగ్గర నిమిషాల లెక్క ఉంటుంది. విసుగు మొదలైన చోట ఆపి ఆ అంకె రాసుకోండి. తర్వాత ఒక్క ప్రశ్న: ఈ సీను చెబుతున్నది మనకు ముందే తెలుసా? తెలిసినదే మళ్లీ చెబితే అది సాగదీత. తెలియనిది నెమ్మదిగా చెబితే అది నిదానం, అది తప్పు కాదు. 'గంటా నలభై నిమిషాల దగ్గర అన్నకు తమ్ముడి మోసం తెలుస్తుంది. మనకు అరగంట ముందే తెలుసు. అయినా ముగ్గురు మనుషులు వరసగా వచ్చి అదే చెప్పారు' అని రాస్తే చదివినవాళ్లకు మీ విసుగు కనిపిస్తుంది.

పోస్టుకార్డుకు రెండు వైపులు మించొద్దు. ఏ భాషలో చూశారో, టీవీలోనా ఫోన్లోనా, ఒకే కూర్చుడులోనా అన్నది మొదటి వాక్యంలో ఉండాలి. నచ్చిన సీను ఒకటి, నచ్చనిది ఒకటి, రెంటికీ కారణం. ముగింపు చెప్పొద్దు. చెప్పక తప్పకపోతే ఆ భాగం మీద 'ముగింపు ఉంది' అని రాయండి, వచ్చే సంచికలో దాన్ని విడిగా, చివరి పేజీలో వేస్తాం.